గీతలమారి

మా తోడికోడలు చేసిన ఆ యంత్రానికి పేరు పెట్టింది నేనే. ముద్దుగా పెట్టలేదు, ఒళ్ళు మండి పెట్టాను. జిత్తులమారి అంటాం చూడండి, అలా గీతలమారి. దాని అసలు పేరు పెన్ ప్లాటరట. కంప్యూటర్లో గీతలు ఇస్తే, పెన్ను పట్టుకుని అవే గీతలు కాగితం మీద గీస్తుందట.

"ఓస్, ఇంతేనా! మనిషి గీస్తే కాగితం వద్దంటుందా ఏం?" అన్నాను.

తోడికోడలు నవ్వింది. మా అత్తయ్య నవ్వలేదు. నేను ఎత్తిపొడిస్తే అత్తయ్య నవ్వాలి, తోడికోడలు ఉడుక్కోవాలి. జరిగింది తలకిందులు. నా కడుపుమంట అక్కడ మొదలైంది.

మాది ఇంటి ముందుగదిలో కుట్టుపని. గది నిండా ఒక పొడుగాటి కటింగ్ బల్ల. కిటికీ పక్కన అత్తయ్య కుట్టుమిషను, మూలన ఇస్త్రీ పెట్టె, గోడ నిండా మేకులు, మేకులకి అట్టలు. అట్టలంటే కొలత ప్రకారం కత్తిరించి పెట్టుకున్న నమూనాలు. ముందు ముక్కకొకటి, వెనక ముక్కకొకటి, చేతులకి, కాలరుకి విడివిడిగా. గుడ్డ మీద అట్ట పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, ఆ గీత వెంబడి కత్తిరిస్తాం. ఆస్పత్రుల్లో వేసుకునే తెల్లకోట్లకి మా గది పెట్టింది పేరు. గీసేదీ కత్తిరించేదీ నేను, కుట్టేది అత్తయ్య. మా ఆయనా మా మరిదీ గుడ్డ తెస్తారు, కుట్టినవి మోసుకెళ్తారు, మధ్యలో సలహాలిస్తారు.

ఆ అట్టలు నావి. నేను కాపురానికొచ్చిన కొత్తలో పాత అట్టల అంచులు అరిగిపోతే, "కొత్తవి నువ్వు చెయ్యవే పెద్దమ్మాయ్" అని అత్తయ్య అట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ పూట నాకు భోజనం కూడా సయించలేదు, అంత సంతోషం. అవి పూర్తయ్యాక గోడకి తగిలించి, వచ్చినవాళ్ళందరికీ చూపించాను. అప్పటినుంచీ మా గదిలోంచి బయటికి పోయిన ప్రతి కోటూ నా గీతలోంచి పుట్టిందే.

అత్తయ్య టేపు సంగతి కూడా చెప్పాలి. ఆవిడ మెడలో వేలాడే టేపుకి మొదటి అంగుళం లేదు. ఎప్పుడో గుడ్డతో పాటు కత్తెరలో పడి తెగిపోయింది. "ఒకటి కలుపుకుంటే సరిపోయె, దీనికోసం కొత్తది కొంటామా?" అంటుంది. అందుకే మా గదిలో అంకెలన్నీ ఒకటి ఎక్కువ పలుకుతాయి. ఆవిడ ముప్ఫై అంటే ఇరవై తొమ్మిదని మాకందరికీ తెలుసు. బయటివాళ్ళు వింటే పిచ్చివాళ్ళమనుకుంటారు.

ఆవిడ దగ్గర నాకు బొత్తిగా నచ్చని అలవాటు ఒకటుంది. నేను కత్తిరించిన వెనక ముక్కని కుట్టబోయే ముందు ఒళ్ళో పరుచుకుని, చిన్న కత్తెరతో కింది అంచున కర్రుమని ఒక పట్టీ కత్తిరిస్తుంది. ఆ పట్టీలు డబ్బాలో వేస్తుంది. కోట్లు తయారయ్యాక మూటకొక పట్టీ చుట్టి ముడి వేస్తుంది. "ఏంటత్తయ్యా అది?" అని అడిగితే, "అంచు బాగు చేస్తున్నానే" అంటుంది. నా కత్తెర పడ్డ అంచుకి మళ్ళీ బాగేమిటి? పెత్తనం కాకపోతే! ఆ కర్రు చప్పుడు వినబడ్డప్పుడల్లా నేను పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. బల్లకి తలవైపు, అంటే కిటికీ వైపు, నిలబడేవాళ్ళదే మా గదిలో మాట. అక్కడి మేకుకే అత్తయ్య పెద్ద కత్తెర ఉంటుంది. ఆవిడకి మణికట్టు నొప్పి ముదిరి దాన్ని ఎత్తడం మానేసింది. అయినా ఆ మేకు దగ్గరికి నన్ను పోనివ్వలేదు, నా కత్తెరతో బల్ల పక్కనుంచే పని కానిమ్మంది. పెద్ద ఆస్పత్రి కోట్ల ఆర్డరు వచ్చినప్పుడు ఒక మాటంది.

"ఈ ఆర్డరు కానివ్వండి. కత్తెర ఎవరికివ్వాలో అప్పుడు చెప్తా."

ఎవరికివ్వాలో! గదిలో కత్తిరించేదాన్ని నేనొక్కదాన్నే ఉండగా 'ఎవరికి' ఏమిటి? ఆ ఒక్క మాట నా చెవిలో దూరిన చీమలా తిరిగింది.

మా తోడికోడలు పెళ్ళికి ముందు ప్రింటర్లు బాగుచేసే షాపులో పనిచేసింది. కాపురానికి వస్తూ బట్టల పెట్టె ఒకటి తెస్తే, చచ్చిపోయిన ప్రింటర్ల పెట్టెలు మూడు తెచ్చింది. వాటిలోంచి ఇనుప కడ్డీలు, చిన్న మోటార్లు, పళ్ళ బెల్టులు పీకి వెనకగదిలో పరిచింది. ఒక బుల్లి యంత్రం కూడా తెచ్చింది. అది ప్లాస్టిక్ తీగని కరిగించి పొర మీద పొర పోస్తూ కావలసిన వస్తువు తయారుచేస్తుంది. మూలల బిళ్ళలు, కడ్డీలు పట్టుకునే బిగింపులు, కడ్డీ మీద జరిగే బండి, పెన్నుకి గొట్టం, అన్నీ అందులోనే ముద్రించుకుంది. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే.

ఇవన్నీ భరించవచ్చు. నా ప్రాణం తీసింది అత్తయ్య. మధ్యాహ్నం కాగానే కుట్టుమిషను మీద గుడ్డ కప్పి వెనకగదిలోకి పోయేది. ఆ బుల్లి యంత్రం పక్కన ముక్కాలిపీట వేసుకుని, పొయ్యి మీద పాలకి కాపలా కూర్చున్నట్టు కూర్చునేది. ఒక్కో బిళ్ళ పూర్తవగానే వేడివేడిగా చేతిలోకి తీసుకుని, "అబ్బ, ఎంత నున్నగా వచ్చిందే చిన్నమ్మాయ్!" అని మురిసిపోయేది. నేను గీసిన చంక వంపు చూసి ఆవిడ ఏనాడైనా 'అబ్బ' అందా? 'ఊఁ' అంది. ఆ 'ఊఁ'ని నేను ఏళ్ళ తరబడి దాచుకుని బతికాను.

పెన్ను కాగితానికి సరిగా ఆనడం లేదని తోడికోడలు తల పట్టుకున్న రోజున, అత్తయ్య తన కుట్టుమిషనులోంచి దారం చుట్టే బాబిన్ తీసి పెన్ను గొట్టం మీద పెట్టింది. ఆ బరువుకి పెన్ను చక్కగా ఆనింది. ఇద్దరూ చప్పట్లు కొట్టుకున్నారు. ఆ మిషను బాబిన్ నేను ముట్టుకుంటే 'దారం చిక్కు పడుతుంది, వదిలెయ్' అనే మనిషి!

"కొత్తొక వింత, పాతొక రోత" అన్నాను గుమ్మంలో నిలబడి, ఎవరినీ చూడకుండా.

"పాతవాళ్ళు లోపలికి రావచ్చుగా, గుమ్మంలో నుంచుని సామెతలెందుకు?" అంది అత్తయ్య.

నేను వెళ్ళలేదు. వెళ్తే నాకూ నచ్చుతుందేమోనని భయం. ఆ మాట ఇప్పుడంటున్నాను గానీ అప్పుడు చంపినా అనేదాన్ని కాదు.

మొదటిసారి దాన్ని మా బల్ల మీదికి తెచ్చి బిగించారు. రెండు వైపులా కడ్డీలు, వాటి మధ్య వంతెనలా ఇంకో కడ్డీ, దాని మీద పెన్ను బండి. తోడికోడలు వృత్తం గీయమంది. అది కిర్రుకిర్రుమంటూ కోడిగుడ్డు గీసింది. నా కడుపు చల్లబడింది. ఇస్త్రీ పెట్టె దగ్గర నిలబడి కోటు చెయ్యి ఒకదాన్నే మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేశాను.

"నీ ముఖమేంటి అలా వెలిగిపోతోంది?" అన్నాడు మా ఆయన.

"ఇస్త్రీ వేడికి" అన్నాను.

ఆ వేడి ఎంతోసేపు నిలవలేదు. తోడికోడలు బెల్టు బిగించి మళ్ళీ నడిపింది. ఈసారి వృత్తం ఎలా వచ్చిందంటే, నేను గిన్నె బోర్లించి గీసినా అంత గుండ్రంగా రాదు. అత్తయ్య ఆ కాగితాన్ని కిటికీకి అంటించింది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ తర్వాత తోడికోడలు నా దగ్గరికే వచ్చింది.

"అక్కా, నీ అట్టలు ఒకసారి ఇస్తావా? కంప్యూటర్లోకి ఎక్కిస్తా. పెద్ద ఆర్డరుకి సుద్దతో గీసుకోనక్కర్లేదు. కాగితం మీద గీయించి గుడ్డ మీద పరిస్తే సరి. నీకు నడుంనొప్పి తగ్గుతుంది."

నా నడుం మీద దానికెంత ప్రేమో! కానీ లోపల ఇంకో సంగతి తోచింది. ఎంత విర్రవీగినా నా అట్టలు లేనిదే దాని యంత్రానికి గతి లేదన్నమాట. "అంచులు నలిపావంటే ఊరుకోను" అని ఇచ్చాను. పాపం, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా పట్టుకెళ్ళింది. ఒక్కో అట్టనీ కొలత గళ్ళు గీసిన చెక్క మీద పెట్టి ఫోటో తీసి, చుక్క చుక్కా కొలిచి ఎక్కించింది. చెప్పిన మాట ప్రకారం ఒక్క అంచూ నలపకుండా తెచ్చిచ్చింది. తిట్టడానికి సందు దొరక్కపోవడం కంటే బాధ ఇంకోటి లేదు.

ఆర్డరు గుడ్డ వచ్చిన రోజు అందరం బల్ల చుట్టూ చేరాం. గోధుమరంగు కాగితం పరిచి, కదలకుండా నాలుగు మూలలా ఇనప బిళ్ళలు పెట్టారు. గీతలమారి మొదలుపెట్టింది. ముందు ముక్క గీసింది. దాని పక్కనే వెనక ముక్క గీసింది. నేను సుద్దతో గీసేటప్పుడు గుడ్డ ఆదా కోసం ఒకదాన్ని నిలువుగా, రెండోదాన్ని తలకిందులుగా పెడతాను. దానికి ఆ కిటుకు ఇంకా తెలియదు. రెండింటినీ ఒకే వైపు నిలబెట్టి, చంకలు సమానంగా పెట్టి గీసింది.

నేను చూశాను. చంక దగ్గర రెండు ముక్కలూ సరిగ్గానే ఉన్నాయి. కింది అంచు దగ్గర వెనక ముక్క అంగుళం పొడుగుంది.

పక్క కుట్టు వేస్తే రెండు ముక్కల అంచులూ కలవాలి. అంగుళం తేడా ఉంటే కోటు వెనక తోకలా వేలాడుతుంది. ఇది కుట్టుపని తెలిసిన ఎవరికైనా తెలుస్తుంది. నా గుండె ఎగిరి గంతేసింది. ఇన్ని రోజుల మంటా ఒక్కసారిగా నోట్లోకి వచ్చింది.

"ఆపండి! ఆపండి దాన్ని! చూడండి ఏం గీసిందో! వెనక అంగుళం ఎక్కువ! ఈ గీతలమారి మాట నమ్మి గుడ్డ కోస్తే ఆర్డరంతా బూడిదే! అందుకే అంటారు, అనువుగాని చోట అధికులమనరాదని. ప్రింటర్లు బాగుచేసుకోక మనకెందుకమ్మా కోట్లు?"

తోడికోడలు ముఖం పాలిపోయింది. యంత్రం ఆపింది. బెల్టులు నొక్కి చూసింది, చక్రాల మరలు తిప్పి చూసింది. మా మరిది నోరు తెరవబోతే మా ఆయన కాలు తొక్కాడు. నేను అత్తయ్య వైపు చూశాను, ఇప్పుడేమంటారన్నట్టు. ఆవిడ కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది.

తోడికోడలు ఒక చదరం గీయించింది. నాలుగు వైపులా కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. అప్పుడు గోడ మీది వెనక అట్ట తీసి, గీసిన గీత మీద పెట్టింది. అట్ట అంచు, పెన్ను గీత ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ముందు అట్ట కూడా పెట్టింది. అదీ అంతే. తర్వాత ఆ రెండు అట్టల్నీ పక్కపక్కన, చంకకి చంక ఆనించి పెట్టింది. కింద అంగుళం తేడా.

నా అట్టల్ని అలా పక్కపక్కన ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు. వేరువేరు మేకులకి వేలాడేవి, తలకిందులుగా గుడ్డ మీద పడేవి. తోడికోడలు నా వైపు చూసింది గానీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, తిరిగి నాలుగు అనేదాన్ని.

"ఇదెలా..." అన్నాను.

"టేపు" అంది అత్తయ్య, కిటికీ వైపే చూస్తూ. "ముందు ముక్క నా టేపుతో గీశావు. తర్వాత నేను కూరలకి వెళ్ళా, టేపు మెడలోనే ఉండిపోయింది. నువ్వు నీ పెట్టెలోంచి కొత్త టేపు తీసుకున్నావు. నేను చెప్పిన అంకె మాత్రం అదే పెట్టావు. ఒకటి తియ్యాలని తోచలేదు."

"మీకు తెలుసా?"

"మొదటి కోటు కుట్టినప్పుడే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"చెబుదామనే వచ్చానే. నువ్వు అట్టలు గోడకి తగిలించి ఎదురింటావిడకి చూపిస్తున్నావు. నీ ముఖం చూశాక నోరు రాలేదు. అంగుళం గుడ్డే కదా, పోనీలే అనుకున్నా. మూట కట్టడానికి పట్టీలైనా దొరుకుతున్నాయని సర్దుకున్నా."

ఆ కర్రు చప్పుళ్ళన్నీ నా చెవుల్లో మళ్ళీ మోగాయి. నేను పెత్తనమనుకుని పళ్ళు కొరుక్కున్న ప్రతిసారీ ఆవిడ నా తప్పు కత్తిరించి డబ్బాలో దాస్తోంది. అది తలుచుకుంటే ఏడవాలో ఎక్కడైనా దూరాలో తెలియలేదు. తోడికోడలి ముందు, మొగుడి ముందు, మరిది ముందు, అంత పెద్ద నోరు వేసుకుని నా తప్పుని నేనే చాటుకున్నాను. నా మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టాను.

"టేపెందుకు తీశావు?" అంది అత్తయ్య.

"కత్తెర చిన్నమ్మాయికే ఇవ్వండత్తయ్యా. నాకేం బాధ లేదు" అన్నాను. ఉందని నా ముక్కే చెబుతోంది, ఎర్రబడి.

"దానికా! దాని చేతికి కత్తెరిస్తే గుడ్డతో పాటు వేళ్ళు కూడా కోసుకుంటుంది. గుడ్డ ఎటు లాగితే సాగుతుందో దానికి తెలుసా?"

"తెలీదక్కా, నిజంగా నాకు ఆ కత్తెరంటేనే భయం" అంది తోడికోడలు.

"మరి ఎవరికివ్వాలో తర్వాత చెప్తానన్నారు కదా?"

"అలా అన్నాక ఎంత ఒళ్ళు దాచుకోకుండా పని చేశావో చూసుకున్నావా?" అని అత్తయ్య మేకు మీది పెద్ద కత్తెర తీసి నా ముందు పెట్టింది. "ఇక తలవైపు నిలబడు. ముందు ఆ ముక్కు తుడుచుకో, తెల్లగుడ్డ."

మా ఆయన నవ్వాడు. ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు.

తోడికోడలు కంప్యూటర్లో వెనక ముక్కకి అంగుళం తగ్గించింది. నేను దానికి తలకిందులుగా పేర్చే కిటుకు చెప్పాను. మొదట్లో నామోషీగా అనిపించింది, తర్వాత అలవాటైంది. గీతలమారి గీసింది, నేను తలవైపు నిలబడి కోశాను. అంచుకి అంచు అద్దినట్టు కలిసింది. అసూయ పోయిందా అని అడిగితే పోలేదు. ఆ యంత్రానికి నడుంనొప్పి రాదు, గీత తప్పదు, ఎవరి మీదా అలగదు. మనిషన్నవాడికి ఎలా కడుపు మండకుండా ఉంటుంది?

అత్తయ్య కుట్టుమిషను దగ్గర కూర్చుని మొదటి వెనక ముక్క ఒళ్ళో పరుచుకుంది. అలవాటుగా చిన్న కత్తెర తెరిచింది. అంచు మీద పెట్టి చూసింది. కత్తిరించడానికేమీ లేదు. కత్తెర మూసి పక్కన పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. రెండో ముక్కకీ తెరిచింది, మూసింది. సాయంత్రం మూట కట్టడానికి డబ్బాలో చెయ్యి పెట్టింది. ఆఖరి పట్టీ వచ్చింది. ఆ తర్వాతి మూట మా ఆయన పురికొసతో కట్టాడు.

మర్నాటి నుంచి ఆవిడకి ఆ చప్పుడు గిట్టలేదు.

"పొద్దస్తమానం ఏంటే ఆ కిర్రుకిర్రు, తల పగిలిపోతోంది" అంది.

ఇంకోసారి, "బల్లంతా అదే ఆక్రమించుకుంటోంది" అంది. కిటికీకి అంటించిన వృత్తాన్ని తీసి మడత పెట్టి ఎక్కడో పడేసింది. కుట్టుకుంటూ కుట్టుకుంటూ మధ్యలో చేతులాపి గీతలమారి వైపు చూసేది. మూతి ఒక పక్కకి వంకరపోయేది.

ఆ ముఖం నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ నేను వేసుకుని తిరిగిన ముఖమే అది.

తోడికోడల్ని వెనకగదిలోకి పిలిచాను. గుమ్మం దాటి లోపలికి వెళ్ళి నేనుగా దాన్ని ఒకటి అడగడం అదే మొదటిసారి.

"వెనక ముక్కకి ఆ అంగుళం మళ్ళీ కలుపు."

"అదేంటక్కా! తప్పని తెలిసీ గీయించాలా?"

"గీయించు. తలవైపు నిలబడేదాన్ని నేను, నేను చెప్తున్నా."

అది నా ముఖంలోకి చూసింది. తర్వాత తలుపులోంచి అత్తయ్య వైపు చూసింది. డబ్బా ఖాళీగా మిషను మీద ఉంది. కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఆ పూట కోసిన ముక్కలు తీసుకెళ్ళి అత్తయ్య పక్కన పెట్టాను. ఆవిడ పైది ఒళ్ళో పరుచుకుంది. ముందు ముక్క పక్కన ఆనించి చూసింది. మెడలోంచి టేపు తీసి, ఒకటి దగ్గర పట్టుకుని కొలిచింది. నేను సుద్ద వెతుక్కుంటున్నట్టు నటించాను. తోడికోడలు బెల్టు బిగుతు చూస్తున్నట్టు నటించింది. ఇద్దరికీ నటన రాదు.

అత్తయ్య మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత గీతలమారిని చూసింది.

"దీనిక్కూడా నా టేపు అంకె ఇచ్చినట్టున్నారే" అంది.

చిన్న కత్తెర తెరిచింది. కర్రుమంది. పట్టీని వేలికి చుట్టి డబ్బాలో వేసి, రెండో ముక్క అందుకుంది.